మిథిలీన్ బ్లూ సరే, అద్దకం నీళ్ల సంగతేంటి?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ప్రాజెక్టుల్లో ఏటా మళ్లీ మళ్లీ కనిపించే శీర్షిక ఒకటుంది: ఫలానా తొక్కతోనో పొట్టుతోనో చేసిన బొగ్గుతో నీళ్లలోంచి మిథిలీన్ బ్లూ తొలగింపు. చింతగింజ, అరటి తొక్క, మామిడి టెంక, వేరుశనగ పొట్టు, ఏది తీసుకున్నా చివరికి తేలేది 95 శాతానికి పైగా రంగు పోయిందనే. అదే బొగ్గును పట్టుకెళ్లి నూలు అద్దే షెడ్డు వెనక కుండీలో కలిపి చూడండి. చాలాసార్లు నీళ్ల రంగు కాస్త పలచబడి అక్కడే ఆగిపోతుంది.

తప్పు బొగ్గుది కాదు. పరీక్షకు పెట్టిన రంగు వేరు, కుండీలో ఉన్న రంగు వేరు. 1876లో జర్మన్ రంగుల కంపెనీ బీఏఎస్‌ఎఫ్‌లో హైన్రిష్ కారో తయారుచేసిన మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న బేసిక్ రంగు. ఈ జాతి రంగులు యాక్రిలిక్ నూలుకు, కాగితానికి, కొబ్బరి పీచుకు, జనపనారకు వాడతారు. పోచంపల్లి, మంగళగిరి, చీరాల వైపు పత్తి నూలుకు అద్దేవి రియాక్టివ్, వ్యాట్, నాఫ్తాల్ రంగులు. ధర్మవరం పట్టుకైతే ఆసిడ్, మెటల్ కాంప్లెక్స్ రంగులు. రియాక్టివ్, ఆసిడ్ రంగుల అణువులకు సల్ఫోనేట్ సమూహాలు ఉంటాయి కాబట్టి నీళ్లలో వాటిది ఋణావేశం. పొట్టు, తొక్క, ఊక బూడిద లాంటివాటి ఉపరితలానిది కూడా మామూలు పీహెచ్ దగ్గర ఋణావేశమే. అది మిథిలీన్ బ్లూను లాక్కుంటుంది, రియాక్టివ్ బ్లాక్ 5 అనే నల్ల రియాక్టివ్ రంగును నెట్టేస్తుంది. దానికి తోడు పరిమాణం: మిథిలీన్ బ్లూ అణుభారం సుమారు 320, రియాక్టివ్ బ్లాక్ 5ది 992. మొదటిది దూరే రంధ్రంలో రెండోది పట్టదు.

అందుకే అధిశోషకం (బొగ్గులా రంగును తన ఉపరితలం మీద పట్టుకునే పదార్థం) ఎంచుకోవడం అనేది కుండీ దగ్గర మొదలవ్వాలి, పెరట్లో ఏ తొక్క దొరికింది అనే దగ్గర కాదు.

కుండీలో నిజంగా ఏముంది

ఒక మామూలు లెక్క వేద్దాం. 10 కిలోల చిలప నూలు, కిలోకు 20 లీటర్ల చొప్పున 200 లీటర్ల బాత్, అంటే నూలు ముంచి అద్దే రంగు నీళ్లు. 2 శాతం షేడ్ అంటే నూలు బరువులో 2 శాతం, 200 గ్రాముల రంగు. లీటరుకు 40 గ్రాముల లెక్కన ఉప్పు లేదా గ్లాబర్ సాల్ట్ (సోడియం సల్ఫేటు) 8 కిలోలు. లీటరుకు 15 గ్రాముల లెక్కన సోడా యాష్ 3 కిలోలు. రియాక్టివ్ రంగు నూలుతో చర్య జరిపే సమయంలోనే నీటితోనూ చర్య జరుపుతుంది. అలా జలవిశ్లేషణ చెందిన భాగం ఇక ఎంత ఉడికించినా నూలుకు పట్టదు. రంగును బట్టి, పద్ధతిని బట్టి 60 నుంచి 90 శాతం నూలుకు చేరుతుంది. 70 శాతం అనుకుంటే 60 గ్రాములు నీళ్లపాలు. అందులో సగం బాత్‌లో, సగం కడుగు నీళ్లలో, సోపింగ్‌లో (సబ్బు నీళ్లతో కడిగే దశలో) పోయిందనుకుంటే బాత్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల రంగు మిగిలినట్టు. డబ్బాలోని పొడి అంతా అసలు రంగు కాదు, అందులో ఉప్పు, ఇతర కలుపుళ్లు ఉంటాయి. కాబట్టి అసలు అంకె ఇంకొంచెం తక్కువే ఉంటుంది, కానీ లెక్క వేయడానికి 150 చాలు.

ఈ లెక్కలోంచి వెంటనే బయటపడే విషయం, బాత్ నీళ్లను, కడుగు నీళ్లను ఒకే కాలువలోకి వదలకూడదని. బాత్ తక్కువ నీళ్లు, చిక్కటి రంగు, చిక్కటి ఉప్పు. కడుగు నీళ్లు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, రంగు పలచన, ఉప్పు పలచన. రెండింటికీ పనికొచ్చే అధిశోషకాలు వేరు. కలిపేస్తే ఏదీ సరిగ్గా పనిచేయదు. షెడ్డులో చేయగలిగిన అత్యంత చౌక మార్పు ఒక అదనపు గొట్టం, ఒక అదనపు ట్యాంకు.

జౌళి వ్యర్థజలాలకు కేంద్రం 2016 అక్టోబరులో ప్రకటించిన ప్రమాణాల్లో రంగు 150 ప్లాటినం కోబాల్ట్ యూనిట్లు, పీహెచ్ 6.5 నుంచి 8.5, సీఓడీ (నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 250 మిల్లీగ్రాములు, కరిగిన లవణాలు 2100 మిల్లీగ్రాములు. పైన చెప్పిన బాత్‌లో ఉప్పు, సోడా కలిపితేనే లీటరుకు 55,000 మిల్లీగ్రాములు. బొగ్గు దీన్ని అంగుళం కూడా కదపదు. రంగు పోయి తేటగా కనిపించే నీళ్లు ఉప్పు నీళ్లేనన్న సంగతి మరిచిపోయి చేలోకి వదిలితే నేల చౌడు తేలుతుంది. ఈ ఉప్పుతో ఏం చేయాలన్నది తర్వాత.

వ్యాట్, నాఫ్తాల్ నీళ్లకు బొగ్గు దండగ

ముందు ఒక పెద్ద ఖర్చు తప్పించుకోవచ్చు. వ్యాట్ బాత్‌లో రంగు హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్), కాస్టిక్ సోడా వల్ల క్షయకరణం చెంది కరిగిన రూపంలో ఉంటుంది. గాలి తగిలితే మళ్లీ కరగని రూపానికి మారి రేణువులుగా విడిపోతుంది. కాబట్టి ఒక చిన్న ఎయిర్ పంపుతో నురగ అణిగేదాకా, నీళ్ల రంగు మారేదాకా గాలి కొట్టించి, పీహెచ్ 7 దగ్గరకు తెచ్చి, పటిక లీటరుకు 200 నుంచి 500 మిల్లీగ్రాముల మధ్య వేసి చూస్తే చాలా భాగం అడుగుకు చేరుతుంది. గాలి కొట్టకుండా బొగ్గు వేస్తే మిగిలిన హైడ్రోస్ పీహెచ్‌ను, రంగును గంట గంటకూ మారుస్తూ పోతుంది, కొలతలన్నీ అబద్ధమవుతాయి. నాఫ్తాల్ నీళ్లు కూడా ఇంతే. క్షారంలో కరిగి ఉన్న నాఫ్తాల్ పీహెచ్ దించగానే తెల్లటి మడ్డిలా విడిపోతుంది, వడకడితే సరి. బొగ్గు అసలు అవసరమయ్యేది నీళ్లలో నిజంగా కరిగి ఉండే రియాక్టివ్, ఆసిడ్ రంగులకు. వీటి మీద పటిక పెద్దగా పనిచేయదు. అన్నభేది, సున్నం కలిపి వేస్తే అజో జాతి రియాక్టివ్ రంగులు విరుగుతాయి గానీ మడ్డి మాత్రం కుప్పలు తెప్పలుగా వస్తుంది. ఆ మడ్డిని ఎండబెట్టి దాచడానికి జాగా లేని షెడ్డుకు ఆ దారి సూచించలేం.

ఆవేశం, ఉప్పు

ఏ అధిశోషకానికైనా మొదట తెలియాల్సింది దాని శూన్యావేశ పీహెచ్. అంతకంటే తక్కువ పీహెచ్‌లో ఉపరితలానికి ధనావేశం, ఎక్కువలో ఋణావేశం. కొలవడం తేలిక. 0.01 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం 50 మిల్లీలీటర్ల చొప్పున ఆరు సీసాల్లో పోసి, పలచటి ఆమ్లం, క్షారంతో పీహెచ్‌ను 2, 4, 6, 8, 10, 11 దగ్గర నిలిపి, ఒక్కోదాంట్లో 0.15 గ్రాముల పొడి వేసి, మూత బిగించి, 24 గంటలు కుదిపి మళ్లీ పీహెచ్ చూడాలి. మొదటి పీహెచ్‌కూ చివరి పీహెచ్‌కూ తేడా ఎక్కడ సున్నా అవుతుందో అదే బిందువు. ద్రావణానికి వాడే నీళ్లను ముందు మరిగించి మూతపెట్టి చల్లార్చుకోవాలి. లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడు వల్ల 6, 8 దగ్గర అంకెలు జారిపోతాయి.

ఊక బూడిదలో సిలికాయే ఎక్కువ, దాని శూన్యావేశ పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ ఊక బూడిద గుట్టలున్నా రియాక్టివ్ రంగుకు అది ఉన్నదున్నట్టుగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన బొగ్గుదీ ఆమ్ల స్వభావమే. ఆవిరితో యాక్టివేట్ చేసిన కొబ్బరి చిప్ప బొగ్గుకు మాత్రం తరచూ 8 పైన ఉంటుంది, అంటే మామూలు నీళ్లలో ధనావేశం.

కానీ ఆవేశం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే బాత్‌లో ఉప్పుంది. ఉప్పు రెండు రకాల అధిశోషకాలనూ రెండు భిన్న దిక్కులకు తోస్తుంది. బొగ్గు రంగును పట్టుకునేది ఎక్కువగా బెంజీన్ వలయాల మధ్య ఆకర్షణతో, నీటి నుంచి తప్పించుకునే స్వభావంతో. ఉప్పు ఎక్కువైతే ఆవేశాల మధ్య వికర్షణ మరుగున పడుతుంది, రంగు కరిగి ఉండే మొగ్గు తగ్గుతుంది, బొగ్గుకు ఎక్కువ పడుతుంది. నూలుకు రంగు పట్టాలని బాత్‌లో ఉప్పు వేసే కారణం కూడా ఇదే కదా. దీనికి భిన్నంగా రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్, అయాన్ మార్పిడి రెజిన్, లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ లాంటివి ప్రధానంగా ఆవేశంతోనే పట్టుకుంటాయి. వాటి దగ్గర సల్ఫేటు, కార్బొనేటు వచ్చి రంగు కూర్చోవలసిన చోట కూర్చుంటాయి. స్వేదనజలంలో గ్రాముకు వందల మిల్లీగ్రాములు పట్టిన కైటోసాన్, గ్లాబర్ సాల్ట్ బాత్‌లో చతికిలపడేది అందుకే.

కాబట్టి మా సిఫారసు: ఉప్పు చిక్కగా ఉన్న బాత్‌కు బొగ్గు, ఉప్పు పలచనైన కడుగు నీళ్లకు కైటోసాన్ లాంటి ధనావేశ పదార్థం.

ఏ బొగ్గు కొనాలి

వ్యాపారి చెప్పే మొదటి మాట అయొడిన్ నంబరు. 900, 1000, 1100. ఇది దాదాపు 1 నానోమీటరు రంధ్రాలను కొలిచే అంకె. తాగునీటిలో క్లోరిన్, వాసన తీయడానికి పనికొస్తుంది. రియాక్టివ్ బ్లాక్ 5 లాంటి పొడవాటి అణువుకు కావాల్సింది 2 నానోమీటర్ల పైబడ్డ మీసో రంధ్రాలు. ఇంకా పెద్ద రంధ్రాల సంగతి చెప్పే మిథిలీన్ బ్లూ నంబరు, మొలాసిస్ నంబరు కూడా అడగండి. కొబ్బరి చిప్ప బొగ్గు గట్టిది, అరగదు, కానీ దాని రంధ్రాలు ఎక్కువగా సన్నవి. కట్టె బొగ్గు, బొగ్గు గని బొగ్గు నుంచి చేసిన రకాల్లో మీసో రంధ్రాలు ఎక్కువ. అయొడిన్ నంబరు 1100 ఉన్న చిప్ప బొగ్గు కంటే 850 ఉన్న కట్టె బొగ్గు రియాక్టివ్ రంగును ఎక్కువ పట్టడం వింతేమీ కాదు.

సొంతంగా చేసుకోవాలనుకునేవారికి పత్తి కట్టె మంచి ముడిసరుకు. తెలంగాణలో పంట అయ్యాక చేలోనే తగలబెట్టేది అదే. ఎండబెట్టి, 1 నుంచి 2 మిల్లీమీటర్లకు దంచి, 105 డిగ్రీల దగ్గర తేమ పోగొట్టాలి. 100 గ్రాముల పొడికి 150 గ్రాముల అసలు ఫాస్ఫారిక్ ఆమ్లం కావాలి. అంటే 85 శాతం గాఢత ఉన్నది సుమారు 105 మిల్లీలీటర్లు. అంతే పరిమాణం నీళ్లలో కలిపి, పొడికి పట్టించి, ఒక రాత్రి ఉంచి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మూతపెట్టిన పింగాణీ క్రూసిబుల్‌లో 450 నుంచి 500 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. స్టీలు గిన్నె వాడితే ఆమ్లం దాన్ని తినేస్తుంది, ఇనుము బొగ్గులోకి దిగుతుంది. సుమారు 40 శాతం బరువు మిగులుతుంది. ఆ తర్వాతే అసలు కష్టం. వేడి నీళ్లతో కడుగు నీళ్ల పీహెచ్ 6 దాటేదాకా కడగాలి. సరిగ్గా కడగకపోతే మిగిలిన ఫాస్ఫేటు శుద్ధి చేయాల్సిన నీళ్లలోకే దిగుతుంది. ఆ కడుగు నీళ్లు కూడా వ్యర్థజలమేనన్న సంగతి చాలా ప్రాజెక్టు రిపోర్టుల ఖర్చు పట్టికలో కనిపించదు. మొదటి కడుగు నీళ్లను దాచి తర్వాతి విడతలో ఆమ్లం కలపడానికి వాడుకుంటే కొంత నష్టం తగ్గుతుంది.

కైటోసాన్ విషయంలో ఆంధ్రాకు ముడిసరుకు కొరత లేదు. దేశంలో రొయ్యల సాగులో ముందున్న రాష్ట్రం, ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర తలలు, పెంకులు గుట్టలుగా పడతాయి. పెంకును 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి సున్నం పోగొట్టి, 4 శాతం కాస్టిక్‌లో ఉడికించి మాంసకృత్తులు తీసి, చివరగా 40 నుంచి 50 శాతం కాస్టిక్‌లో 100 డిగ్రీల పైన కొన్ని గంటలు ఉంచితే కైటిన్ కైటోసాన్ అవుతుంది. చివరి దశ ఇంట్లో చేసే పని కాదు, ఆ గాఢతలో మరిగే కాస్టిక్ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. కొనుక్కోవడమే మేలు. కొన్న పొడిని 2 శాతం ఎసిటిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లలో 2 గ్రాముల చొప్పున కరిగించి, సిరంజితో 1 మోలార్ కాస్టిక్‌లో చుక్కలుగా వదిలితే తెల్లటి పూసలవుతాయి. ఇవి పీహెచ్ 5 కంటే తక్కువ నీళ్లలో మళ్లీ కరిగిపోతాయి. అందుకు గ్లుటరాల్డిహైడుతో బంధిస్తారు. ఎక్కువ బంధిస్తే రంగును పట్టాల్సిన అమైన్ సమూహాలే ఖర్చయిపోతాయి, పూస గట్టిపడుతుంది గానీ రంగు పట్టదు. పీహెచ్ 6 చుట్టుపక్కల పనిచేయించగలిగితే తేలికపాటి బంధనం చాలు.

పీహెచ్ దించేటప్పుడు

రియాక్టివ్ బాత్ పీహెచ్ 10.5, 11 దగ్గర ఉంటుంది. లీటరుకు 15 గ్రాముల సోడా యాష్‌ను పూర్తిగా తటస్థం చేయాలంటే సుమారు 14 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం పడుతుంది. 200 లీటర్లకు 98 శాతం ఆమ్లం లీటరున్నర. అందులో సగం పోసేసరికి పీహెచ్ 8.3 దగ్గరకు వస్తుంది, అప్పటిదాకా ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత పోసే ప్రతి చుక్కకూ కార్బన్ డయాక్సైడు పొంగుతుంది. మొత్తం మీద ఒక లీటరు బాత్ నుంచి మూడున్నర లీటర్ల వాయువు. సోపింగ్ నీళ్లు కలిసి ఉంటే నురగ డ్రమ్ము దాటి నేల మీదికొస్తుంది. మూడొంతుల కంటే ఎక్కువ నింపకూడదు. ఆమ్లాన్ని ముందు పది రెట్ల నీళ్లలో కలిపి (నీళ్లలోకి ఆమ్లం, ఎప్పుడూ అదే వరస), సన్నటి ధారగా పోయాలి. మూసిన గదిలో చేయకూడదు.

కేవలం రంగు తీసి కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంటుకు పంపేదైతే 8.3 దగ్గర ఆపి బొగ్గు వేయడం లాభసాటి. సగం ఆమ్లం మిగులుతుంది, పొంగు ఉండదు.

సీసా పరీక్ష, అది ఎక్కడ మోసం చేస్తుంది

అసలు నీళ్లతోనే చేయాలి. కొని తెచ్చిన స్వచ్ఛమైన రంగు కరిగించిన నీళ్లతో కాదు. బాత్ వదిలిన రోజే 5 లీటర్లు పట్టి, నలకలు, పీచు పోయేలా గుడ్డలో వడకట్టి, పీహెచ్ సరిచేసి, 100 మిల్లీలీటర్ల చొప్పున సీసాల్లో పోయాలి. బొగ్గు మోతాదు 0.05, 0.1, 0.2, 0.4, 0.8 గ్రాములు. ఒక సీసాలో ఏమీ వేయకూడదు. ఈ ఖాళీ సీసా లేని పరీక్ష పరీక్షే కాదు, ఎందుకంటే కొన్ని రంగులు పీహెచ్ మార్పుకే రంగు మారతాయి. కాంగో రెడ్ ఆమ్లంలో నీలానికి తిరుగుతుంది, మిథైల్ ఆరెంజ్ ఎరుపుకు తిరుగుతుంది. రంగు పోయిందో, మారిందో ఖాళీ సీసాయే చెబుతుంది. పొడి బొగ్గుకు రెండు గంటలు, గుళిక బొగ్గుకు కనీసం 24 గంటలు నిమిషానికి 120 నుంచి 150 సార్లు కుదపాలి. గుళిక బొగ్గును రెండు గంటల్లో తీసేసి ఇది పనికిరాదని తేల్చేయడం తరచూ జరిగే పొరపాటు.

వడపోత దగ్గర ఇంకో మోసం. ఫిల్టర్ పేపరు సెల్యులోజే, అంటే నూలులాగే అదీ రంగును పట్టుకుంటుంది. మొదటి 10, 15 మిల్లీలీటర్లు పారబోసి తర్వాత వచ్చినదే కొలవాలి, లేదా సెంట్రిఫ్యూజ్ వాడాలి. మిథిలీన్ బ్లూ అయితే గాజు గోడకు కూడా అంటుకుంటుంది. క్యూవెట్ (కొలిచే యంత్రంలో పెట్టే చిన్న గాజు పాత్ర) నీలంగా మారితే ఆల్కహాల్‌తోనో పలచటి ఆమ్లంతోనో కడగాలి. ఇక సన్నటి బొగ్గు నుసి వడపోత దాటి వస్తే రంగు గాఢత కొలిచే స్పెక్ట్రోఫొటోమీటరు దాన్నీ రంగుగానే లెక్కిస్తుంది. 750 నానోమీటర్ల దగ్గర ఒకసారి చదివి చూడండి, అక్కడ అంకె కనిపించిందంటే అది చాలావరకు నుసే.

స్పెక్ట్రోఫొటోమీటరు అంకె 0.1, 1.0 మధ్య ఉండేలా నీళ్లు పలచన చేసుకోవాలి. మిథిలీన్ బ్లూ 664 నానోమీటర్ల దగ్గర లీటరుకు 4 మిల్లీగ్రాములకే 0.9 దాకా చూపిస్తుంది, కాబట్టి 50 మిల్లీగ్రాముల ద్రావణాన్ని నేరుగా పెట్టి గీసిన గీతకు అర్థం లేదు. రియాక్టివ్ బ్లాక్ 5కు 597 నానోమీటర్లు. నిజమైన కుండీలో నాలుగైదు రంగులు కలిసి ఉంటాయి కాబట్టి ఒకే తరంగదైర్ఘ్యం చాలదు. ఐఎస్‌ఓ 7887 పద్ధతిలో చెప్పినట్టు 436, 525, 620 మూడింటి దగ్గరా చదవడం మంచిది. ఎరుపు మొత్తం పోయి పసుపు మిగిలిపోయిన సందర్భం అప్పుడే పట్టుబడుతుంది.

యంత్రం లేదా? అసలు బాత్‌ను సగం, పావు, పదో వంతు, నూరో వంతుగా పలచన చేసి ఒకే రకం గాజు గొట్టాల్లో పోసి, వెనక తెల్ల కాగితం పెట్టి, శుద్ధి చేసిన గొట్టం ఏ మెట్టుతో సరిపోలుతుందో చూడండి. మోతాదు నిర్ణయించడానికి ఈ మాత్రం చాలు.

మోతాదు లెక్క

పేపర్లలో పెద్ద అక్షరాల్లో ఉండే అంకె గరిష్ఠ సామర్థ్యం, గ్రాముకు 400 మిల్లీగ్రాములు అన్నట్టు. దాంతో మోతాదు లెక్కించకూడదు. లీటరుకు వందల మిల్లీగ్రాముల రంగు నీళ్లలో మిగిలి ఉన్నప్పుడు బొగ్గు పట్టగలిగేది అది. మనకు కావాల్సింది నీళ్లలో 5 మిల్లీగ్రాములే మిగిలినప్పుడు ఎంత పడుతుందని.

ఊహా అంకెలతో చూద్దాం. నీళ్లలో మిగిలిన రంగును బట్టి గ్రాము బొగ్గు ఎంత పడుతుందో చెప్పే ఫ్రాయిండ్‌లిష్ సమీకరణంలో స్థిరాంకం 10, ఘాతం 0.4 అనుకుందాం. అప్పుడు 5 మిల్లీగ్రాములు మిగిలే చోట గ్రాము బొగ్గు పట్టేది 19 మిల్లీగ్రాములు, 150 దగ్గర 74. లీటరుకు 150 నుంచి 5కు ఒకేసారి దించాలంటే లీటరుకు 7.6 గ్రాములు, 200 లీటర్లకు కిలోన్నర బొగ్గు. అదే రెండు విడతలుగా, మొదట 150 నుంచి 40కి, వడకట్టి మళ్లీ కొత్త బొగ్గుతో 40 నుంచి 5కు దించితే మొత్తం 870 గ్రాములు. ఇంకొక అడుగు ముందుకేసి, రెండో విడతలో వాడిన బొగ్గును పారేయకుండా తర్వాతి బాత్ మొదటి విడతకు వాడితే బాత్‌కు 570 గ్రాములే. నీళ్లు అవే, రంగు అదే, బొగ్గు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. కావాల్సిందల్లా రెండు డ్రమ్ములు, ఒక గుడ్డ సంచి, ఏ సంచి దేనిదో రాసిపెట్టే అలవాటు. కొత్త అధిశోషకం కనిపెట్టడానికి పెట్టే శ్రమలో పదో వంతు ఈ వరస మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

గొట్టంలో బొగ్గు

రోజూ బాత్‌లు వచ్చే షెడ్డుకు గుళిక బొగ్గు కాలమ్ నయం. లోపలి వ్యాసం 15 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం, మీటరు ఎత్తు బొగ్గు అంటే 17.7 లీటర్లు, బరువు 8, 9 కిలోలు. ఖాళీ గొట్టం లెక్కన నీళ్లు 20 నిమిషాలు ఉండాలంటే నిమిషానికి 0.9 లీటరు. 200 లీటర్లు నాలుగు గంటల్లోపే దిగుతాయి. పై ఊహా అంకెల ప్రకారం ఈ బొగ్గు పట్టగల రంగు 650 గ్రాములు. కానీ కింద రంగు కనిపించడం మొదలయ్యేసరికి సగమే నిండి ఉంటుందని లెక్కవేసుకోవాలి, అంటే బాత్‌కు 30 గ్రాముల చొప్పున పదకొండు బాత్‌ల దాకా. అందుకే ఒకే పొడవైన గొట్టం కంటే రెండు గొట్టాలు వరసగా పెట్టి, మొదటిది పూర్తిగా నిండాక దాన్ని తీసి రెండోదాన్ని ముందుకు జరపడం పొదుపు.

తడపని గుళిక బొగ్గును నేరుగా గొట్టంలో పోసి నీళ్లు వదిలితే రంధ్రాల్లోని గాలి బయటికి రాక బొగ్గు తేలుతుంది, నీళ్లు పక్క గోడ వెంట దారి చేసుకుని రంగుతోనే దిగిపోతాయి. ముందు ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి, తొందరైతే ఒకసారి మరిగించాలి. నింపాక కింది నుంచి పైకి నీళ్లు ఎక్కించి నల్లటి నుసి ఆగేదాకా కడగాలి. నీటి మట్టం ఎప్పుడూ బొగ్గు పైనే ఉండాలి, కాబట్టి బయటికి వచ్చే గొట్టాన్ని బొగ్గు మట్టం కంటే ఎత్తుకు వంచి పెట్టండి. రంగు కంటే ముందు కాలమ్‌ను చంపేది నూలు పీచు, గంజి. ముందు ఇసుక పొర లేకపోతే రంగుతో నిండకముందే పైపొర జిగురుపట్టి ధార ఆగిపోతుంది.

పేపర్లు చదివేటప్పుడు

చిన్న పక్కమాట. అధిశోషణ వేగాన్ని చూపే సూడో సెకండ్ ఆర్డర్ గీత 0.99తో సరిపోయింది కాబట్టి ఇది రసాయనిక అధిశోషణం అని రాసేస్తుంటారు. ఆ గీతలో రెండు అక్షాల మీదా కాలమే ఉంది, సమతాస్థితి దగ్గరి చుక్కలు ఎక్కువైతే ఏ గీతైనా తిన్నగానే వస్తుంది. లాంగ్‌మ్యూర్ సమీకరణం స్థిరాంకం నుంచి లెక్కించే విభజన గుణకం 0కి, 1కి మధ్య వచ్చింది కాబట్టి అధిశోషణం అనుకూలం అనే వాక్యం ఇంకా విచిత్రం. స్థిరాంకం ధనసంఖ్య అయితే ఆ గుణకం అంతకంటే వేరేలా రానే రాదు. ఒక పేపరు పనికొస్తుందా లేదా తేల్చడానికి మూడు చూడండి: రంగు ఏ ఆవేశానిది, నీళ్లలో ఉప్పు ఉందా, చివర మిగిలిన గాఢత దగ్గర సామర్థ్యం ఎంత.

మిగిలే ఉప్పు, మిగిలే బొగ్గు

రంగు తీసిన బాత్‌లో 8 కిలోల ఉప్పు అలాగే ఉంది. దాన్ని తర్వాతి బాత్‌కు వాడుకోవడం బొగ్గు ఖర్చును తిరిగి రాబట్టే దారి. అయితే దీనికి 8.3 దగ్గర ఆగడం కుదరదు. ఆ నీళ్లలో బైకార్బొనేటు ఉంటుంది, బాత్ వేడెక్కగానే అది కార్బొనేటుగా మారి పీహెచ్ పైకి లాగుతుంది, సోడా వేయకముందే రంగు నూలుకు మచ్చలు మచ్చలుగా పట్టేస్తుంది. పీహెచ్ 5కు దించి, వాయువంతా పోయేదాకా గాలి కొట్టి, కొద్దిగా క్షారంతో 6.5 దగ్గరకు తేవాలి. ఆమ్లం సల్ఫ్యూరిక్ అయితే ఏర్పడేది సోడియం సల్ఫేటు, అంటే గ్లాబర్ సాల్టే. హైడ్రోమీటరుతో సాంద్రత చూసి లోటు ఉన్నంతే కొత్త ఉప్పు కలపాలి. మొదట ముదురు షేడ్లకు, నలుపు, నేవీ బ్లూలకు వాడి చూడండి. లేత గులాబీకో పసుపుకో వాడితే మిగిలిపోయిన 5 మిల్లీగ్రాములే షేడ్‌ను చెడగొడతాయి. తిరుపూరులో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్ల మూసివేతకు ఆదేశించాక, సున్నా విడుదలకు (వ్యర్థజలాలను బయటికి వదలని పద్ధతికి) మారిన ప్లాంట్లలో ఉప్పు నీటిని తిరిగి వాడటం మామూలు పనిలో భాగమైంది. చిన్న షెడ్డులో ఆర్‌ఓ, ఇవాపరేటర్ పెట్టలేం గానీ బాత్‌ను విడిగా పట్టి ఇలా తిప్పుకోవడం సాధ్యమే.

నిండిన బొగ్గును కాస్టిక్‌తోనో ఆల్కహాల్‌తోనో కడిగి మళ్లీ వాడొచ్చని రాస్తారు. అప్పుడు రంగంతా ఆ కడుగు ద్రావణంలోకి వస్తుంది, దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న మళ్లీ మొదలు. నిజమైన పునరుద్ధరణ 800 నుంచి 900 డిగ్రీల దగ్గర ఆవిరితో కాల్చడమే. ప్రతిసారీ 5 నుంచి 10 శాతం బొగ్గు తరుగుపోతుంది, కొలిమి ఉన్న తయారీదారే చేయగలడు. కొనేటప్పుడే వాడిన బొగ్గు వెనక్కి తీసుకుంటారా అని అడిగి రాయించుకోండి. ఎండబెట్టి పొయ్యిలో పెట్టడం వద్దు. కొన్ని రంగుల్లో రాగి, క్రోమియం ఉంటాయి, కొన్నింట్లో క్లోరిన్ ఉంటుంది, మామూలు పొయ్యి వేడికి అవి పొగలోనూ బూడిదలోనూ తేలతాయి. వెనక్కి తీసుకునేవారు లేకపోతే 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం మూత ఉన్న డ్రమ్ముల్లో, వాన తగలని చోట, తేదీ, బరువు రాసి ఉంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో తెలంగాణలోనైతే దుండిగల్, ఆంధ్రప్రదేశ్‌లోనైతే పరవాడ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. తడి బొగ్గు బరువు పొడి బొగ్గుకు దాదాపు రెండింతలు. పంపే ఖర్చు బరువును బట్టే కాబట్టి అడుగున చిల్లులున్న డ్రమ్ములో కారనిచ్చి, ఆ కారిన నీళ్లను తిరిగి కుండీలోకే పోసి, నీడన ఆరబెట్టాక తూకం వేయించండి.